ఎర్ర చుక్క కార్డు

ఆ ఇంట్లో మనిషి గుమ్మం దాటగానే ఎలా ఉన్నావని ఎవరూ అడగరు. చేతిలో కొత్త వస్తువేదైనా ఉంటే "ఎంతకొచ్చింది?" అంటారు. చేతులు ఖాళీగా ఉంటే అప్పుడు, ఇక తప్పదన్నట్టు, ఆరోగ్యం గురించి అడుగుతారు.

ఈ అలవాటు మావగారిది. ఆయన ముప్పై నాలుగేళ్ళు సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఎవరు ఎక్కడ ఎక్కారో, ఎంత చెల్లించారో తెలియకుండా మనుషుల మధ్య కూర్చోవడం ఆయనకు చేతకాదు. ఇప్పుడు బస్సు లేదు కాబట్టి ఇద్దరల్లుళ్ళతో సరిపెట్టుకుంటున్నాడు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం భోజనానికి రావాలి. ఆ వారం ఏం కొన్నారో, ఎంత తగ్గించుకున్నారో చెప్పాలి. అదీ శాతంలో చెప్పాలి. తగ్గింపు ఇరవై దాటితే ఆయన "ఊఁ" అంటాడు. ముప్పై దాటితే తల ఊపుతాడు. నలభై దాటితే వంటింట్లోంచి భార్యను పిలిచి ఆవిడ ముందు మళ్ళీ చెప్పించుకుంటాడు.

పెద్దల్లుడు సర్వేయరు. స్థలాల హద్దులు కొలవడం అతని ఉద్యోగం. గోడ బెత్తెడు పక్కకు జరిగినా కనిపెట్టేస్తాడని ఆఫీసులో పేరుంది. మావగారింట్లో తొమ్మిదేళ్ళపాటు అతనికి ఎదురు లేకపోయింది. ఫ్యాను ఇరవై ఆరు శాతం. కూతురి సైకిలు ముప్పై ఒకటి. పరుపు ముప్పై ఎనిమిది, పైగా రెండు దిళ్ళు. "పెద్దల్లుణ్ణి పంపిస్తే షాపువాడు ఆ రోజు అన్నం తినడు" అని మావగారు పక్కింటివాళ్ళకు చెప్పుకునేవాడు. సర్వేయరు ఆ మాట వినబడనట్టు వార్తాపత్రిక తిరగేసేవాడు. పత్రిక తలకిందులుగా ఉన్న రోజులు కూడా ఉన్నాయి.

పదో ఏట మరదలి పెళ్ళయింది. తోడల్లుడు దిగాడు.

కుర్రాడు కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేస్తాడు. ఇంట్లో అతన్ని పళ్ళబ్బాయి అంటారు. పెళ్ళయిన మూడో నెలలో మావగారికి రెండు దవడలకూ పళ్ళు చేసి తెచ్చి పెట్టాడు, ఊరికే. ఊరికే అంటే నూటికి నూరు శాతం తగ్గింపు. ఆ రోజు నుంచి మావగారు నవ్వితే చాలు, సర్వేయరుకు ఒళ్ళు మండేది. తను వేసిన జోకుకే ఆయన నవ్వినా ఆ నవ్వు చిన్నల్లుడిదే కదా.

సరే, పళ్ళంటే వాడి వృత్తి అనుకుని ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనిది బ్లాకుల సెట్ల సంగతి.

ప్లాస్టిక్ ముక్కలు ఒకదానిమీద ఒకటి నొక్కుతూ ఓడలూ వంతెనలూ కట్టే సెట్లవి. సర్వేయరుకు ఉన్న ఒకే ఒక్క వ్యసనం. అధికారికంగా అవన్నీ కూతురి కోసం. కూతురికి తొమ్మిదేళ్ళు. ఆ పిల్ల నాలుగేళ్ళ కిందటే ముక్కలతో తనకు పని లేదనీ, ఖాళీ పెట్టెలు మాత్రం కావాలనీ స్పష్టంగా చెప్పేసింది. అయినా శనివారం సాయంత్రాలు భోజనాల బల్ల మీద ముక్కలు పరుచుకుని, ఎవరైనా వస్తే "పాప కోసం" అనేవాడు. పాప పక్కగదిలో పెట్టెలో కూర్చుని బిస్కెట్లు తింటూ ఉండేది.

అతని ఇంట్లో ఆ సెట్లు చూసి పళ్ళబ్బాయికీ ఆ పిచ్చి అంటుకుంది. పిల్లలింకా లేరు. "ఎవరికోసం తమ్ముడూ?" అంటే "నాకోసమే అన్నయ్యా, సరదా!" అనేవాడు. ఆ సిగ్గు లేకపోవడం చూసి కూడా సర్వేయరు కుళ్ళుకున్నాడు. తనకు ఆ సదుపాయం లేదు.

పోనీ, కుర్రాడు సరదాగా పూర్తి ధర పెట్టి కొనుక్కుని ఉంటే సర్వేయరు అతన్ని సొంత తమ్ముడికంటే ఎక్కువగా ప్రేమించేవాడు. కానీ మొదటి ఏడాదే ఫైర్ స్టేషన్ ముప్పై తొమ్మిది శాతం తగ్గించి తెచ్చాడు. తర్వాత ఓడరేవు క్రేను నలభై ఎనిమిది. అత్తగారు వంటింట్లోంచి రావలసివచ్చింది.

ఇంతకూ సర్వేయరు పద్ధతి ఏమిటో చెప్పాలి.

ఆ బొమ్మల షాపుకు సభ్యుల కార్డు ఉంది. అదే కంపెనీకి వీధి చివర కిరాణా మార్కెట్టు కూడా ఉంది, అక్కడా అదే కార్డు. ఎక్కడ కొన్నా పాయింట్లు పడతాయి, తర్వాత కార్డు చూపించినా, ఊరికే ఫోన్ నంబరు చెప్పినా బిల్లులో కొట్టేస్తారు. కొత్తగా చేరినవాళ్ళకు మొదటి కొనుగోలు మీద ఇరవై శాతం తగ్గింపు. సర్వేయరు తన పేర చేరి ఇరవై కొట్టాడు. భార్య పేర చేర్పించి ఇంకో ఇరవై. అత్తగారి పేర ఇంకో ఇరవై. చివరికి, మరదలికి ఇంకా పెళ్ళి కానప్పుడు, కౌంటరు దగ్గర నిలబడి ఫోన్ చేసి "అమ్మాయ్, నీకొక ఓటీపీ వస్తుంది, చదువు" అన్నాడు. ఆ పిల్ల నిద్రమత్తులో ఆరంకెలు చదివి మళ్ళీ పడుకుంది. లేచేసరికి ఆ సంగతే మరిచిపోయింది.

అలా నాలుగు కార్డులు. నాలుగూ ఒకే పసుపు రంగు, పేర్లుండవు. అందుకని చుక్కల స్టిక్కర్లు అంటించాడు. ఎరుపు తనది, నీలం భార్యది, ఆకుపచ్చ అత్తగారిది, నలుపు మరదలిది. తర్వాత పాయింట్లన్నీ ఒకేచోట పోగవ్వాలని ఎర్ర చుక్క కార్డు ఒక్కటే వాడటం మొదలుపెట్టాడు. రెండున్నరేళ్ళ కిందట ఒకసారి పర్సుతో సహా ప్యాంటు వాషింగ్ మెషీన్లోకి వెళ్ళింది. చుక్కలన్నీ ఊడిపోయాయి. కొత్తవి తెచ్చి జ్ఞాపకం మీద మళ్ళీ అంటించాడు. అతని జ్ఞాపకశక్తి గురించి కూడా ఆఫీసులో మంచి పేరుంది.

బిల్లు మీద ఆ రోజు పడ్డ పాయింట్లే ఉంటాయి. మొత్తం ఎంతో షాపును అడగాలి. సర్వేయరు అడగడు. హద్దులు కొలిచేవాడు ఎదుటివాడి టేపును నమ్మకూడదు. డైరీలో తనే రాసుకునేవాడు. పాయింట్లు ఎక్కువిస్తారని ఇంట్లో ఏడాదిన్నర ఒకే నిమ్మకాయ వాసన సబ్బు వాడారు. కూతురి స్నేహితురాళ్ళు ఆ పిల్లను వాసన బట్టి గుర్తుపట్టేవారు.

ఈ తపస్సంతా లైట్‌హౌస్ కోసం. రెండు వేల మూడు వందల ఎనభై ముక్కలు. పైన దీపం నిజంగా తిరుగుతుంది. పద్నాలుగు నెలలుగా అతను ఆ పెట్టె దగ్గరకు వెళ్ళి, నిలబడి, చూసి వచ్చేస్తున్నాడు. డైరీ ప్రకారం ఆరువేల నూట నలభై పాయింట్లు పోగయ్యాయి. అంటే ధరలో నలభై ఒక్క శాతం. దాని మీద ఏడాదికొకసారి సభ్యుల వారంలో పదకొండు శాతం. మొత్తం యాభై రెండు. కానీ పెద్ద బిల్లుకు చిన్న పడవ ఒకటి ఉచితంగా ఇస్తారు. పాయింట్లు వాడితే బిల్లు తగ్గుతుంది, బిల్లు తగ్గితే పడవ రాదు. పడవ కావాలంటే పాయింట్లు వాడకూడదు. డబుల్ పాయింట్ల శనివారం కొంటే రెట్టింపు పడతాయి, కానీ ఆ రోజు పదకొండు శాతం ఉండదు.

"ఆ పడవ మనకెందుకండీ?" అంది భార్య ఒక రోజు.

"ఊరికే వస్తుంది."

"ఊరికే రావాలంటే ఎంత పెట్టాలి?"

సర్వేయరు చెప్పాడు. ఆవిడ నిమ్మకాయ సబ్బుతో చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది.

ఇలా ఉండగా ఒక ఆదివారం పళ్ళబ్బాయి మావగారింటికి రైల్వే స్టేషన్ సెట్టు మోసుకొచ్చాడు. కట్టేసిందే తెచ్చాడు. రెండు ప్లాట్‌ఫారాలు, గడియారం, చేతిలో పచ్చజెండాతో వేలెడంత స్టేషన్ మాస్టరు.

"ఎంతకొచ్చిందోయ్?" అన్నాడు మావగారు, పళ్ళు సర్దుకుంటూ.

"అరవై రెండు శాతం తగ్గింది మావయ్యగారూ."

మావగారు ఊఁ అనలేదు. తల ఊపలేదు. "ఏమే, ఇలా రా! స్టవ్వు ఆపేసి రా!" అని కేకేశాడు. "ఊఁ, మళ్ళీ చెప్పు."

"అరవై రెండండీ అత్తయ్యగారూ."

"అరవై రెండే!" అంది అత్తగారు చేతులు తుడుచుకుంటూ. "అయితే షాపువాడే మనకు ఎదురిచ్చాడన్నమాట."

"అంత ఎలా తగ్గిస్తారు?" అన్నాడు సర్వేయరు. మామూలుగానే అడుగుదామనుకున్నాడు, గొంతు మాత్రం సన్నగా, ఇంకెవరిదో వచ్చింది.

"పాయింట్లున్నాయి అన్నయ్యా. కొట్టేశారు."

"నీకన్ని పాయింట్లెక్కడివి?"

"అవలా పడుతుంటాయి" అని నవ్వాడు పళ్ళబ్బాయి. పక్కన మావగారూ నవ్వాడు. రెండు నవ్వులూ ఒకే ల్యాబులో తయారైనట్టున్నాయి.

"బావా, లైట్‌హౌస్ అమ్మడం ఆపేస్తున్నారట, నెలాఖరుకి" అంది మరదలు. "మా ఆయన దాని మీద పడ్డాడు. ఇంకొన్ని పాయింట్లు పడితే కొనేస్తాడట."

సర్వేయరుకు ఆ తర్వాత తిన్నదేదీ రుచి తెలియలేదు.

ఆ వారం ఉద్యోగంలో ఒక పాత గొడవ తగిలింది. ఇద్దరన్నదమ్ములు జానెడు స్థలం కోసం పదకొండేళ్ళుగా మాట్లాడుకోవడం లేదు. ఇన్నాళ్ళూ ఇలాంటివాళ్ళను చూసి అతను జాలిపడేవాడు. ఈసారి టేపు పట్టుకుని పెద్దన్న పక్కన నిలబడి, "మీ తమ్ముడు గోడ మీద నవ్వుతూ కూర్చుంటాడాండీ?" అని ఆప్యాయంగా అడిగాడు. పెద్దన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తన బాధ అర్థం చేసుకున్న మొదటి అధికారి ఇతనే అన్నాడు.

సభ్యుల వారం వచ్చే నెలలో. అప్పటిదాకా లైట్‌హౌస్ ఉండదు. కాబట్టి డబుల్ పాయింట్ల శనివారమే గతి. పదకొండు శాతం పోతుంది. పోతే పోయింది, నలభై ఒకటి మిగులుతుంది. అరవై రెండు ముందు నలభై ఒకటి చిన్నదే, కానీ లైట్‌హౌస్ పెద్దది. తోడల్లుడు మోసుకొచ్చి మావగారి బల్ల మీద దీపం తిప్పి చూపించే దృశ్యం తలుచుకుంటే శాతాలు వాటంతటవే చిన్నవైపోయాయి.

శనివారం పొద్దున్నే షాపుకు వెళ్ళాడు. అరలో ఒకటే పెట్టె మిగిలింది. దాన్ని రెండు చేతులా కావలించుకుని క్యూలో నిలబడ్డాడు. వెనకాల ఒక పొడుగాటావిడ ఆ పెట్టెనే చూస్తూ నిలబడింది.

"పడవ ఉందా?" అన్నాడు కౌంటరు దగ్గర.

"పడవలు గురువారమే అయిపోయాయి సార్" అంది కౌంటరమ్మాయి. "కార్డుందా?"

ఎర్ర చుక్క కార్డు ఇచ్చాడు. "పాయింట్లన్నీ వాడేయమ్మా" అన్నాడు. ఈ వాక్యం కోసం రెండున్నరేళ్ళు ఆగాడు కాబట్టి కాస్త గట్టిగానే అన్నాడు.

ఆ అమ్మాయి కార్డు గీసింది. మళ్ళీ గీసింది.

"ఇందులో పన్నెండున్నాయి సార్."

"పన్నెండు వేలా?"

"పన్నెండు."

"ఆరువేల నూట నలభై ఉండాలమ్మా."

"ఉండేవి సార్. వాడేశారుగా. ఫైర్ స్టేషన్, క్రేను... పదిహేను రోజుల కిందట రైల్వే స్టేషన్." స్క్రీను అతనివైపు తిప్పింది. "ఈ ఫోన్ నంబరు మీదేగా?"

నంబరు చివర రెండు ఏడులు, రెండు తొమ్మిదులు. ఆ అంకెలు సర్వేయరుకు బాగా తెలుసు. పెళ్ళిపత్రికలు పంచేటప్పుడు మరదలి నంబరు అందరికీ చెప్పింది తనే.

వాషింగ్ మెషీను గుర్తొచ్చింది. ఎర్ర చుక్కా నల్ల చుక్కా గుర్తొచ్చాయి. అసలు తన కార్డు నల్ల చుక్కతో, పని అయిపోయిందని, సొరుగులో పడి ఉంది. నిమ్మకాయ సబ్బు గుర్తొచ్చింది. ఏడాదిన్నర పాటు తన కుటుంబం ఒళ్ళు రుద్దుకున్న నురగంతా క్రేనై, రైల్వే స్టేషనై మావగారి బల్ల మీదకు చేరింది. తోడల్లుడి తగ్గింపు చూసి తను కుళ్ళుకున్నాడు. ఆ తగ్గింపు తనే ఇచ్చాడు. ఇచ్చి మరీ కుళ్ళుకున్నాడు.

"సార్, తీసుకుంటున్నారా?"

"మీరు తీసుకోకపోతే ఇటివ్వండి" అంది వెనకాల పొడుగాటావిడ చేతులు చాపుతూ.

సర్వేయరు పూర్తి ధర చెల్లించాడు. పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి.

"డబుల్ పాయింట్లు పడ్డాయి సార్" అంది కౌంటరమ్మాయి సంతోషంగా. "పదిహేను వందలు. అదే కార్డు మీద."

సాయంత్రం భార్య చొక్కాలు ఉతకడానికి తీస్తూ జేబులో బిల్లు చూసింది. తలుపు దగ్గరగా వేసి వచ్చి అతని ఎదురుగా కూర్చుంది.

"ఏవండీ, ఇదేంటి?"

"బిల్లు."

"పూర్తి ధర ఉంది."

అతను తల దించుకున్నాడు.

"ఎప్పట్నించి జరుగుతోంది ఇది?"

"ఇదే మొదటిసారి. ఒట్టు."

అప్పుడు అంతా చెప్పాడు. చుక్కల దగ్గర్నుంచి ఏడులూ తొమ్మిదుల దాకా. ఆవిడ మొదట నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత చీరకొంగు అడ్డం పెట్టుకుంది. చివరికి దిండు అడ్డం పెట్టుకుంది. దిండు కదులుతూనే ఉంది.

"నవ్వు, నవ్వు" అన్నాడు.

"చెల్లికి ఫోన్ చేసి చెప్పేస్తానండీ. పాపం దానికీ తెలీదు. తిరిగిచ్చేస్తారు."

"చెబితే ఈ ఇంట్లో నేనుండను."

"ఎందుకు? తప్పు మీదేం కాదుగా, స్టిక్కర్లది."

"మీ నాన్నకి ఏమని చెప్తావ్? చిన్నల్లుడి అరవై రెండు శాతం నిజానికి పెద్దల్లుడిదని చెప్తావా? బాగుంది. మరి పెద్దల్లుడు రెండున్నరేళ్ళు వేరేవాళ్ళ కార్డు గీస్తూ డైరీ రాసుకున్నాడని కూడా చెప్పాలిగా? ఆయన ఆ రెండోదే గుర్తుపెట్టుకుంటాడు. పక్కింటివాళ్ళకి చెప్తాడు."

ఆవిడ ఆలోచించింది. తండ్రి సంగతి తెలిసినదే. "మరి రేపు ఎంతకొచ్చిందని అడిగితే?"

సర్వేయరు బిల్లును నాలుగు మడతలు పెట్టి డైరీలో దాచాడు.

మర్నాడు లైట్‌హౌస్ పెట్టెను మావగారి బల్ల మీద పెట్టాడు. పళ్ళబ్బాయి కుర్చీలోంచి లేచాడు.

"ఎంతకొచ్చిందోయ్ పెద్దల్లుడూ?"

భార్య కిటికీవైపు చూడటం మొదలుపెట్టింది.

"యాభై రెండు" అన్నాడు సర్వేయరు.

"లైట్‌హౌస్ మీదా?" పళ్ళబ్బాయి గొంతు సన్నగా, ఇంకెవరిదో వచ్చింది. "దాని మీద అసలు తగ్గింపే లేదన్నారన్నయ్యా నాకు!"

"అడిగేవాణ్ణి బట్టి ఉంటుంది తమ్ముడూ."

"ఏమే, ఇలా రా!" అని మావగారు కేకేశాడు. "ఇంత పెట్టె మీద యాభై రెండట! నేను చెప్పలా, మనవాడు కొలతగాడు!"

పళ్ళబ్బాయి నవ్వడం మానేసి పెట్టె అంచు నిమురుతున్నాడు. రెండేళ్ళుగా అద్దంలో సర్వేయరుకు కనబడుతున్న ముఖమే ఇప్పుడు ఎదురుగా ఉంది. తృప్తిగా చూశాడు. భోజనం రెండుసార్లు వడ్డించుకున్నాడు. ఆ సుఖం చేతులు కడుక్కునేదాకా ఉంది.

చేతులు తుడుచుకుంటుంటే పళ్ళబ్బాయి అతన్ని బాల్కనీలోకి లాక్కెళ్ళాడు.

"అన్నయ్యా, నిజం చెప్పండి. ఎలా కొట్టారు? మీకైతే తెలివుంది. నాదేముంది, గాలివాటం."

"గాలివాటం ఏంటి?"

పళ్ళబ్బాయి లోపలివైపు చూసి గొంతు తగ్గించాడు. "నా పాయింట్లు నావి కావన్నయ్యా. మా ఆవిడ ఫోన్‌కి మెసేజీలొస్తాయి. నూట ఇరవై పడ్డాయి, ఎనభై పడ్డాయి అని. ఆ రోజు మేమేమీ కొని ఉండం. ఎవరో తన కార్డనుకుని మా నంబరు మీద వేస్తున్నాడు. షాపుకి చెబుదామని మొదట్లో అనుకున్నాం. తర్వాత..."

"తర్వాత?"

"తర్వాత క్రేను నచ్చింది." తల గోక్కున్నాడు. "నిన్న చూడండి, ఒక్కరోజే పదిహేను వందలు! ఎవడో పిచ్చి మారాజన్నయ్యా!"

గొంతు తగ్గించడం అతనికి ఎక్కువసేపు చేతకాదు. ఆఖరి మాట హాల్లోకి వినబడింది.

"ఎవరు మారాజు?" అన్నాడు మావగారు.

ఇక దాచలేక మరదలే అంతా చెప్పింది. సర్వేయరు బాల్కనీ గుమ్మంలోనే నిలబడ్డాడు. మావగారికి కోపం వస్తుందనుకున్నాడు. కండక్టరు కదా, ఒకడి టిక్కెట్టు మీద ఇంకొకడు ప్రయాణం చేస్తే ఊరుకోడు. కానీ మావగారు "రెండున్నరేళ్ళా?" అన్నాడు. "ఒక్కసారైనా అడగలేదా, నా పాయింట్లేవని?"

"లేదు నాన్నా."

"ముప్పై నాలుగేళ్ళలో అలాంటి ప్రయాణికుణ్ణి ఒక్కణ్ణి చూడలేదు నేను. చిల్లర వదిలేసి దిగిపోయేవాడు! అదమ్మా పెద్దమనసంటే."

"ఎవరి బిడ్డో, చల్లగా ఉండాలి" అంది అత్తగారు. "ఆ చేత్తో ఏం ముట్టుకున్నా బంగారం కావాలి."

సర్వేయరు తన చేతివైపు చూసుకున్నాడు. ఇంకా తడిగానే ఉంది.

"ఆ మారాజెవరో అన్నయ్యకైతే తెలిసిపోయేది" అన్నాడు పళ్ళబ్బాయి. "మీరేమంటారన్నయ్యా, ఎలాంటివాడై ఉంటాడు?"

"ఎవడో... పనిలేనివాడు" అన్నాడు సర్వేయరు.

"అదే వద్దు" అన్నాడు మావగారు కటువుగా. "నీ యాభై రెండు నీదేలే. అందరూ నీలాగా లెక్కలేసుకునే ఉండరు. కొందరు ఇస్తారు."

భార్య మళ్ళీ కిటికీవైపు తిరిగింది. ఆవిడ భుజాలు కదులుతున్నాయి.

లైట్‌హౌస్ పెట్టె బల్ల మీదే ఉంది. దాన్ని తర్వాత ఎవరూ చూడలేదు. పళ్ళబ్బాయి రైల్వే స్టేషన్లోంచి స్టేషన్ మాస్టరు బొమ్మను ఊడదీసి, "ఇదిగో, మా మారాజు!" అని టీవీ పక్కన నిలబెట్టాడు. అత్తగారు బొమ్మ మీద దుమ్ము ఊదింది.

ఇంటికెళ్ళే దారిలో సర్వేయరు ఒక సంగతి కొలిచి తెలుసుకున్నాడు. ఎర్ర చుక్క కార్డు వాడటం ఆపేస్తే మారాజు ఆగిపోతాడు. లైట్‌హౌస్ కొన్న రోజే ఆఖరి పాయింట్లు పడి, ఆ తర్వాత ఒక్కటీ పడకపోతే పళ్ళబ్బాయికి కాకపోయినా మావగారికి అనుమానం వస్తుంది. దొంగ టిక్కెట్టును వాసన చూసి పట్టుకున్న మనిషి. కాబట్టి ఒక్కసారిగా ఆపకూడదు. మెల్లగా తగ్గించాలి.

"ఇకనుంచి సామాన్లు నా కార్డు మీద కొంటాను" అంది భార్య. "ఆ నిమ్మకాయ సబ్బు కూడా బంద్."

"సగం నీ కార్డు మీద కొను. సగం దాని మీద."

మరుసటి ఆదివారం వాళ్ళు గుమ్మం దాటారు. చేతుల్లో ఏమీ లేదు. అప్పటికి నాలుగు రోజులుగా సర్వేయరు దగ్గుతున్నాడు. ఆరోగ్యం గురించి అడుగుతారని సిద్ధంగా ఉన్నాడు.

"ఈ వారం మారాజు ఎంత వేశాడమ్మా?" అన్నాడు మావగారు చిన్నకూతురితో.

"నలభై నాన్నా."

"నలభయ్యేనా?" మావగారు ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "అంత మనిషి నలభై వేయడమేంటి? ఒంట్లో బాగాలేదేమో పాపం."

"చలికాలం కదండీ" అంది అత్తగారు దిగులుగా. "దగ్గో రొంపో పట్టుకునుంటుంది. ఒంటరివాడో ఏమో, కషాయం పెట్టిచ్చేవాళ్ళయినా ఉన్నారో లేదో."

సర్వేయరు గట్టిగా దగ్గాడు.

"అటువైపు తిరిగి దగ్గు నాయనా" అంది అత్తగారు.

అతను టీవీ పక్కన చూశాడు. పచ్చజెండా పట్టుకుని వేలెడంత మారాజు నిలబడి ఉన్నాడు. కింద ఎవరో చిన్న గుడ్డ పరిచారు. పదకొండున్నరేళ్ళుగా ఆ ఇంటికి వస్తున్నాడు. ఆ ఇంట్లో అతని ఫోటో ఫ్రిజ్ వెనకాల ఉంది.

"జబ్బేం కాదు మావయ్యగారూ" అన్నాడు పళ్ళబ్బాయి. "డబ్బులయిపోయుంటాయి. లేకపోతే పిసినారితనం పట్టుకుందేమో. మనుషులు మారతారు."

"ఛ, అలాంటివాడు కాదు" అన్నాడు మావగారు. కానీ గొంతులో మునుపటి నమ్మకం లేదు.

ఆ మారాజును చూస్తే సర్వేయరుకు కళ్ళలో నిప్పులు పోసుకున్నట్టుంది. తోడల్లుడి మీద కూడా ఇంత ఏడుపు ఎప్పుడూ రాలేదు. అయినా మారాజును ఎవడో పళ్ళు చేసేవాడు పిసినారి అంటుంటే వింటూ కూర్చోవడం ఇంకా కష్టంగా ఉంది.

సోమవారం ఆఫీసుకు అరపూట సెలవు పెట్టాడు. బొమ్మల షాపులో ఆ రోజు తగ్గింపు లేదు, డబుల్ పాయింట్లు లేవు, పడవ లేదు. ఉన్నవాటిలో పెద్ద పెట్టె, వేలాడే వంతెనది, దగ్గుతూ మోసుకొచ్చి కౌంటరు మీద పెట్టాడు.

"సార్, గురువారం దాకా ఆగితే పన్నెండు శాతం తగ్గుతుంది" అంది కౌంటరమ్మాయి.

"గురువారం దాకా ఆగితే ఆదివారానికి పాయింట్లు పడతాయా?"

"తగ్గింపు బిల్లు మీదైతే మూడు రోజులు పడుతుంది సార్. పడకపోవచ్చు."

"అయితే వద్దు" అని సర్వేయరు పర్సు తెరిచి, ఎర్ర చుక్క కార్డు తీసి ఇచ్చాడు.